ముందే సంతకం పెట్టిన కాగితాలు

ఉద్యోగంలో గర్వపడిన రోజు గురించి రాయమని మా తెలుగు సంఘం వాళ్లు అడిగారు. ఇక్కడ మన తెలుగు పిల్లలు ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరుతున్నారట, వాళ్లకు ఉత్సాహం కలగాలట. నేను గర్వపడిన రోజులు లేకపోలేదు. అవి చెప్పుకుంటూ కూర్చుంటే మీకు ఆవులింతలొస్తాయి. అందుకని బోల్తా పడిన సంగతి రాస్తాను. లేచి ఏం చేశానో కూడా రాస్తాను. అలా చేసి ఉండకూడదని ఇప్పటికీ నాతో వాదించేవాళ్లు ఆక్లండ్ శివారు మౌంట్ రాస్కిల్‌లో మా వీధిలోనే ఉన్నారు. వాళ్లూ చదవాలనే నా కోరిక.

ఆక్లండ్‌లో శరణు కోరి వచ్చినవాళ్ల దరఖాస్తులు తేల్చే ఆఫీసులో పద్నాలుగేళ్లు పని చేశాను. మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని, దుబాసీ సాయంతో రెండు మూడు రోజులు ప్రశ్నలడిగి, చెప్పింది నిజమేనా, తిరిగి వెళ్తే ప్రమాదముందా అని తేల్చి తీర్పు రాయడం నా పని. పేర్లు బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఇందులో ఎవరికీ పేరుండదు, దేశానికీ పేరుండదు. గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. వెతికి ప్రయోజనం లేదు.

ఒక్క నియమం మాత్రం మీకు తెలియాలి. శరణు కోరేవాడికి ప్రమాదం ఉంటే చాలదు. అతను తన దేశంలో ఉన్నప్పుడు ఇతరులను హింసించిన పనిలో పాలుపంచుకుని ఉంటే, ఎంత ప్రమాదంలో ఉన్నా శరణార్థి హోదా ఇవ్వకూడదు. స్వయంగా కొట్టక్కర్లేదు. జరుగుతున్నది తెలిసి, ఎవరూ బలవంతపెట్టకుండా, ఆ పని సాగడానికి గట్టిగా తోడ్పడితే చాలు. హోదా పోయినంత మాత్రాన తిరిగి చావుకు పంపరు. హింస పెట్టే చోటికి ఎవరినీ పంపకూడదని వేరే నియమముంది. కానీ అలా మిగిలిపోయినవాడిది ఎప్పటికప్పుడు పొడిగించుకునే బతుకు. శరణార్థిలాగా భార్యాబిడ్డలను పిలిపించుకునే దారి అతనికి ఉండదు.

ఇతని విషయంలో ఉన్న చిక్కంతా అదే. అతనికి భార్య ఉంది, పదకొండేళ్ల కూతురుంది. ఇద్దరూ పక్క దేశంలో ఎవరి ఇంట్లోనో ఒక గదిలో తలదాచుకుంటున్నారు. వీసా లేదు. పోలీసులకు దొరికితే సరిహద్దు దాటించి వెనక్కి తోసేస్తారు. అతనికి హోదా వస్తే వాళ్లు ఇక్కడికి వస్తారు, రాకపోతే రారు. మొదటి రోజు కుర్చీలో కూర్చోగానే కూతురి ఫొటో నా టేబుల్ మీద పెట్టాడు. ఇలాంటివి పెట్టకూడదని దుబాసీ చెప్పబోతుంటే నేనే ఉండనివ్వమన్నాను.

అతను కాంపౌండరు. భద్రతా దళాల శిబిరం పక్కన ఉన్న, డాక్టరు లేని చిన్న ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు పని చేశాడు. ఆ శిబిరంలో ఒక చిన్న మతం వాళ్లను పట్టుకొచ్చి, ప్రశ్నించడమనే పేరుతో చిత్రహింసలు పెట్టేవారు. ఇందులో అనుమానం లేదు, నా దగ్గర గుట్టలుగా నివేదికలున్నాయి. ప్రతి మనిషికీ ఒక కాగితం ఉండేది. 'పరీక్షించాను, ఆరోగ్యంగా ఉన్నాడు, ప్రశ్నించవచ్చు' అని దాని మీద అచ్చు. కింద ఇతని సంతకం. చివరికి మాయమైనవాళ్ల పేర్ల జాబితా ఒకటి నకలు తీసి వాళ్ల బంధువులకు అందించాడు. అది బయటపడి పారిపోయి వచ్చాడు. వెనక్కి వెళ్తే చంపేస్తారు. ఇదీ నిజమే.

"మరి ఆ సంతకాల సంగతేమిటి?" అని అడిగాను.

"నేను ఎవరినీ చూడలేదు మేడమ్. కాగితాల పుస్తకం నా దగ్గర ఖాళీగానే ఉండేది. యాభై కాగితాల మీదా ఒకేసారి సంతకం పెట్టి ఇచ్చేసేవాణ్ని. పేర్లు వాళ్లే నింపుకునేవారు. మా దగ్గర అందరూ అలాగే చేసేవారు."

ఆ సాయంత్రం ఈ మాట చెబితే మా పక్క సీటాయన పకపకా నవ్వాడు. ఆయన ఇక్కడి పోలీసు శాఖలో పాతికేళ్లు పని చేసి మా ఆఫీసుకొచ్చిన కివీ, అంటే ఇక్కడే పుట్టి పెరిగినవాడు. "ఖాళీ కాగితం మీద ఎవరైనా సంతకం పెడతారా? అబద్ధం. ఎదురుగా మనిషిని చూసే పెట్టి ఉంటాడు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మీ దేశంలో పెట్టరేమో. మా దగ్గర పెడతారు. పెద్ద సారు ఊళ్లో ఉండరని, పని ఆగకూడదని ముందే పెట్టించి బీరువాలో ఉంచుతాం. ఇది అబద్ధం కాదు, ఆఫీసు" అన్నాను. ఆయన నోరు వెళ్లబెట్టాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. చూశారా, నాలాంటిది ఒకతె లేకపోతే ఈ ఆఫీసులో ఒక అమాయకుడు బలైపోయేవాడు అనుకున్నాను. పిల్లలూ, ఉద్యోగంలో ఈ అనుభూతి మీకు కలిగితే వెంటనే లేచి మంచినీళ్లు తాగి రండి.

వారం తిరక్కుండా తీర్పు రాసేశాను. ఇతను చెప్పింది నమ్మదగినది. ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టడం ఇలాంటి ఆఫీసుల్లో మామూలు. అలా పెట్టినవాడికి ఆ కాగితాలు ఎక్కడికి పోతాయో, ఎవరి పేరు మీద వాడతారో తెలిసే అవకాశం లేదు. కాబట్టి తెలిసి తోడ్పడ్డాడనలేం. హోదా ఇవ్వవచ్చు.

మా టీమ్ లీడర్ క్రైస్ట్‌చర్చ్ మనిషి. భూకంపంలో ఇల్లు పోయాక ఆక్లండ్ వచ్చేసింది. మాట తక్కువ, పెన్సిలు ఎక్కువ. నా తీర్పు రెండో రోజు వెనక్కొచ్చింది. మొత్తంలో ఒకే వాక్యం కింద గీత ఉంది. 'తెలిసే అవకాశం లేదు' అన్న వాక్యం. పక్కన చిన్న అక్షరాలతో, 'దీనికి ఆధారం?' అని ఉంది.

మా దగ్గర ప్రతి వాక్యానికీ ఆధారం చూపాలి. దరఖాస్తుదారు చెప్పి ఉండాలి, లేదా ఏదైనా నివేదికలో ఉండాలి. నేను ఫైలంతా తిరగేశాను. ఖాళీగా సంతకం పెట్టానని అతను చెప్పాడు. చూడలేదని చెప్పాడు. తెలియదని మాత్రం ఎక్కడా చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ మాట అతని తరఫున నేనే చేర్చాను. ఆధారం ఏమిటయ్యా అంటే నేనే.

కోపం ఆమె మీదికి మళ్లింది. ఇల్లు కూలినావిడకి మా వైపు ఆఫీసులు ఎలా నడుస్తాయో ఏం తెలుసు, నా అనుభవానికి విలువ లేదా, అని బస్సులో సాండ్రింగ్‌హామ్ దాకా పళ్లు నూరుకుంటూనే ఉన్నాను. దిగి, గోంగూర కొనుక్కుని ఇంటికొచ్చి, ఆకు తుంచుతూ కూర్చున్నాను. అప్పుడు ఆ అనుభవం ఏమిటో మొదటి నుంచి చివరిదాకా గుర్తు చేసుకోవలసి వచ్చింది. అంతవరకూ సగం దగ్గరే ఆపేసేదాన్ని.

పెళ్లికి ముందు, ఆ తరువాత కొన్నాళ్లు, రాయలసీమలో ఒక తాలూకా ఆసుపత్రిలో నేను జూనియర్ అసిస్టెంటుని. పోలీసులు పట్టుకున్న మనిషిని కోర్టుకు తీసుకెళ్లే ముందు డాక్టరు పరీక్షించి కాగితం ఇవ్వాలి. 'ఒంటి మీద గాయాలు లేవు' అని ఆ కాగితం మీద రాసి ఉంటుంది. డాక్టరుగారికి తీరిక ఉండదు. నేను ఆ వాక్యంతో సైక్లోస్టైల్ తీసి, ఇరవై కాగితాలు టీ సమయంలో ఆయన ముందు పెట్టేదాన్ని. ఆయన కప్పు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో సంతకాలు చేసేవారు. కట్ట నా డ్రాయరులో ఉండేది. హెడ్ కానిస్టేబుల్ వచ్చి కావలసినన్ని పట్టుకెళ్లి, తరువాత పేర్లు రాసిన నకళ్లు తెచ్చిచ్చేవాడు. రిజిస్టరులో ఎక్కించేది నేనే. చాలా పద్ధతిగా చేసేదాన్ని. బాగా పని చేస్తావమ్మా అని డాక్టరుగారు మెచ్చుకునేవారు.

కట్ట మామూలుగా నెలంతా వచ్చేది. నాపరాయి గనుల్లో కూలీలు సమ్మె చేసిన వారం రెండు రోజుల్లో అయిపోయింది. హెడ్డు వచ్చి, "ఏమ్మా, అయిపాయె గదా, ఇంగ కొన్ని తీసియ్యి" అన్నాడు. ఎందుకు అయిపోయిందో నాకు తెలుసు. స్టేషను మా ఆసుపత్రి వెనకగోడకు అవతలే. కిటికీ మూసుకుని పని చేసుకునేదాన్ని.

గోంగూర అలాగే వదిలేసి లేచాను. ఎవరికి తెలుస్తుంది, ఎవరికి తెలియదు అన్న ప్రశ్నకు నా దగ్గర ఆధారం ఉంది. అది నేను తీర్పులో రాసినదానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది. పుస్తకం తరిగే వేగం సంతకం పెట్టినవాడికి తెలుస్తుంది.

మా ఆయనకు చెప్పాను. ఆయన ఇంజినీరు, కంగారు మనిషి కారు. ఆ రోజు మాత్రం కంగారుపడ్డారు.

"నువ్వు టైపిస్టువి. ఇరవై రెండేళ్ల పిల్లవి. దాన్నీ దీన్నీ ఎందుకు కలుపుతావ్? ఆఫీసులో అస్సలు ఓపెన్ అవ్వకు. ఫైల్ ఇంకొకరికి ఇచ్చేయ్, సింపుల్."

"ఇంకొకరికిస్తే ఆ ప్రశ్న ఎవరడుగుతారు?"

"ఎవరూ అడక్కపోతే అతని ఫ్యామిలీ వస్తుంది. ఒక చిన్నపిల్ల బాగుపడుతుంది. నీకు నష్టమేంటి?"

నిజం చెబుతున్నాను, ఆ ఫొటోలో పిల్ల రెండు జడలూ కళ్ల ముందు నుంచి కదల్లేదు. నోరు మూసుకుంటే చాలు, ఆ పిల్ల వచ్చేస్తుంది. పైగా అందరూ నన్ను మెచ్చుకుంటారు. నోరు మూసుకోవడం నాకు అలవాటున్న పనే.

మర్నాడు పొద్దున టీమ్ లీడర్ గదిలోకి వెళ్లి తలుపు వేశాను. నా ఆసుపత్రి సంగతి, కట్ట సంగతి, సమ్మె సంగతి అంతా చెప్పాను. ఆమె పెన్సిలు కింద పెట్టింది.

"ఫైలు వదిలేస్తావా?" అంది.

"వదలను. కానీ ఇది అతని లాయరుకు చెప్పాలి. నేను ఈ ఫైలు చూడకూడదనుకుంటే వాళ్లు ఆ మాట చెప్పవచ్చు."

"ఇది నీ మీదకు రావచ్చు."

"రానివ్వండి."

అదే రోజు లాయరుకు ఉత్తరం వెళ్లింది. అధికారి గతంలో ఇలాంటి కాగితాలు తయారు చేసింది, మీకు అభ్యంతరముంటే వేరొకరిని వేస్తాం అని. నాలుగు రోజులకు జవాబొచ్చింది. మా క్లయింటుకు అభ్యంతరం లేదు, ఈ అధికారే కావాలంటున్నాడు. తన పరిస్థితి ఆమెకు అర్థమవుతుందని అతని నమ్మకం.

ఆ ఉత్తరం చదివి ఫైల్లో పెట్టాను. ఆ నమ్మకం వమ్ము చేయబోతున్నానని నాకు తెలుసు. అర్థమవుతుంది కాబట్టే.

రెండో ఇంటర్వ్యూ. చిన్న గది, రికార్డరు, నీళ్ల గ్లాసులు. అతను, పక్కన లాయరు, ఆ చివర దుబాసీ. అతను నన్ను చూసి మొదటిసారి నవ్వాడు, సొంత మనిషిని చూసినట్టు. రికార్డరు నొక్కాను.

"పుస్తకం అయిపోతే కొత్తది ఎవరు తెచ్చేవారు?"

"నేనే. స్టోరు నుంచి."

"ఒక పుస్తకం ఎన్నాళ్లు వచ్చేది?"

"నెల. ఒక్కోసారి నెలన్నర."

"ఎప్పుడూ అంతేనా?"

అతని నవ్వు పోయింది. దుబాసీ ప్రశ్న మళ్లీ చెప్పాడు.

"వాళ్ల పండగ నెలలో త్వరగా అయిపోయేది" అన్నాడు. "గుళ్లలో అందరూ ఒకచోట చేరతారు కదా. అప్పుడు ఎక్కువమందిని తెచ్చేవారు. వారానికి ఒకటి అయ్యేది."

"అంటే ఆ నెలలో నాలుగుసార్లు స్టోరుకు వెళ్లేవారా?"

"లేదు. ఒక్కసారే."

"ఒక్కసారి వెళ్తే నెలంతా పుస్తకాలు ఎలా సరిపోయేవి?"

అతను గ్లాసు వైపు చూశాడు. తాగలేదు. "పండగకు ముందే నాలుగూ తెచ్చి, సంతకాలు చేసి పెట్టుకునేవాణ్ని."

"ఎవరైనా చెప్పారా, అలా చేయమని? బెదిరించారా?"

"లేదు."

"మరి ఎందుకు?"

"స్టోరు మైదానానికి అవతల ఉంటుంది మేడమ్. మాటిమాటికీ వెళ్లాలంటే ఎండ."

దుబాసీ ఆ చివరి మాట చెప్పడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. లాయరు రాయడం ఆపేసింది. ఒక్క పండగ నెలకు రెండు వందల మంది. పట్టుకోకముందే వాళ్ల కాగితాలు సిద్ధం. ఆ కాగితం లేకుండా మనిషిని ఆ శిబిరం గదిలోకి తీసుకెళ్లడానికి వీల్లేదని అతనే మొదటి రోజు చెప్పాడు.

"సంతకం పెట్టనంటే ఏమయ్యేది?" అని అడిగాను. అతనికి తప్పించుకునే దారి ఏదైనా ఉంటే అది అడగడం కూడా నా బాధ్యతే. నిజంగా భయపెట్టి చేయించి ఉంటే లెక్క వేరు.

"వేరే ఆసుపత్రికి మార్చేవారు. నా ముందున్న అతన్ని అలాగే మార్చారు. దూరం. క్వార్టర్సు ఉండదు."

అప్పుడు అతను దుబాసీ వైపు కాకుండా నా వైపు తిరిగి, తనకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో అడిగాడు.

"మీరూ చేశారు కదా. మీరు ఇక్కడ పౌరురాలు. ఆ కుర్చీలో ఉన్నారు. మరి నేను?"

లాయరు అతని చెయ్యి పట్టుకుని ఆపబోయింది. అధికారి జవాబివ్వక్కర్లేదంది. రికార్డరు తిరుగుతూనే ఉంది. అధికారులు ప్రశ్నలడగాలి, జవాబులు చెప్పకూడదు. ఆ నియమం ఆ ఒక్కసారే తప్పాను. ఇవాళ మళ్లీ ఆ గదిలో కూర్చోబెట్టినా తప్పుతాను.

"చేశాను" అన్నాను. "గనుల్లో సమ్మె ఇంకా సాగుతోందని తెలిసి, మరుసటి కట్టకు ఇరవైకి బదులు వంద కాగితాలు తీశాను. నన్ను కూడా ఎవరూ బెదిరించలేదు. నేను ఈ దేశానికి రావడానికి పెట్టిన దరఖాస్తులో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మీలాగే తల దించుకునేదాన్ని. నన్ను అడగలేదు కాబట్టి మిమ్మల్ని అడక్కుండా వదిలేయలేను."

అతను ఫొటో తీసి జేబులో పెట్టుకున్నాడు.

తీర్పు మళ్లీ రాశాను. వెనక్కి పంపితే హింసిస్తారు కాబట్టి పంపకూడదు. జాబితా బయటపెట్టిన ధైర్యాన్ని కూడా రాశాను, ఒక పేజీ నిండా. కానీ తెలిసి, ఇష్టంగా, నాలుగు పుస్తకాల మేరకు తోడ్పడ్డాడు. శరణార్థి హోదా లేదు. అప్పీలుకు వెళ్లారు. అక్కడా అదే నిలిచింది. మా పక్క సీటాయన వచ్చి భుజం తట్టి, "నేను చెప్పలేదూ, అబద్ధమని?" అన్నాడు. అబద్ధం కాదయ్యా మహానుభావా, అతను చెప్పిన ప్రతి మాటా నిజమే, అబద్ధం రాసింది నేను అని చెప్పాను. ఆయనకు ఇప్పటికీ అర్థమైందో లేదో.

ఆ తల్లీకూతుళ్లు రాలేదు. రిటైరయ్యేదాకా ఎప్పుడు ఫైళ్ల జాబితా చూసినా ముందు అతని ఫైలు నంబరు కోసమే వెతికేదాన్ని. వాళ్లు ఎక్కడున్నారో తెలుసుకునే హక్కు నాకు లేదు. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. దాని బాధ నా తీర్పు వల్లే వచ్చింది. ఇది దాచను, మెత్తగా చెప్పను. ఈ మాట అనగానే మా వీధిలో నాకన్నా పెద్దావిడ ఒకరు, "మరి అంత బాధపడేదానివి ఎందుకు రాశావమ్మా, మానవత్వం ఉండక్కర్లేదా?" అంటుంది. అక్కయ్యా, ఆ రెండు వందల మందికీ పిల్లలున్నారు. వాళ్ల ఫొటోలు నా టేబుల్ మీద ఎవరూ పెట్టలేదు. కనబడిన పిల్ల మీద జాలిపడి, కనబడని పిల్లలను లెక్కలోంచి తీసేయడం మానవత్వం అయితే అది నాకు వద్దు.

అయితే అతను అడిగిన ప్రశ్నలో సగం మిగిలిపోయింది. అతనికి నేను జవాబు చెప్పాను. నేను ఎవరికి చెప్పాలి? ఆక్లండ్ ఆఫీసులో నిజాయితీ చూపించి, నా ఊరి విషయంలో చేతులు దులుపుకుంటే నా తీర్పు వట్టి కాగితమే.

రిటైరైన నెలలోనే కూర్చుని రాశాను. ఏ ఆసుపత్రి, ఏ సంవత్సరాలు, కాగితాలు ఎలా తయారయ్యేవి, ఎవరు సంతకం చేసేవారు, ఎవరు పట్టుకెళ్లేవారు, నేనేం చేశాను. రిజిస్టరులో నేను ఎక్కించిన పేర్లలో పదకొండు గుర్తున్నాయి. ఆ పదకొండూ రాశాను. ఇక్కడ నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాను. ఒక ప్రతి ఆ జిల్లా కోర్టుకు, ఒకటి గని కూలీల తరఫున వాదించే వకీలు ఒకాయనకు పంపాను.

హామిల్టన్ ఊళ్లో రోటోటూనాలో ఉండే మా అమ్మాయి కారేసుకుని వచ్చేసింది. "మమ్మీ, ఆర్ యూ సీరియస్? ఇది ఇమిగ్రేషన్ వాళ్లు చూస్తే? పిల్లలకు స్కూల్లో తెలిస్తే? నలభై ఏళ్ల కిందటిది ఎవరికి కావాలి?" అంది. చూస్తే చూడనీ, అడగాల్సిన ప్రశ్న ఆలస్యంగా అడుగుతారు, జవాబు సిద్ధంగానే ఉంది అన్నాను. మా ఆయన వాదించడం మానేసి కవర్ల మీద స్టాంపులు అంటించారు. అప్పట్లో నాతో పని చేసినావిడ ఒకరు కర్నూలు నుంచి ఫోను చేసి తిట్టిపోసింది. "సచ్చినోళ్లు సచ్చినారు, ఉన్నోళ్లు ముసిలోళ్లయినారు. ఇప్పుడు తవ్వితే ఏమొస్తాది నీకు? పెన్షనోళ్లం, మమ్మల్ని బజార్న పడెయ్యాలనా?" అంది. నీ పేరు నేను రాయలేదు, కావాలంటే నువ్వే రాసుకో అని చెప్పాను. పెట్టేసింది.

కోర్టు నుంచి జవాబు రాలేదు. ఏడు నెలలు గడిచాయి. ఎవరికీ అక్కర్లేదేమో, మా అమ్మాయి చెప్పిందే నిజమేమో అని నేను కూడా అనుకోవడం మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది. ఇండియా నంబరు. మగగొంతు, యాభై దాటిన గొంతు.

"అమ్మా, మీరు ఆసుపత్రిలో పని చేసిన మేడమ్ గదా? వకీలు సారు మీ కాగితం సదివి వినిపించినాడు. అందులో మా నాయన పేరు ఉండాది."

పేరు చెప్పాడు. పదకొండులో ఏడోది.

"గనిలో సమ్మె జేసినప్పుడు పట్టుకపోయినారు. కాలు ఇరగ్గొట్టినారని కోర్టులో చెప్తే, గాయాలు లేవని డాక్టరు రాసినాడు, నువ్వు అబద్ధం చెప్తాండావు అన్నాడంట జడ్జి. తాగి పడి ఇరగ్గొట్టుకున్యాడని ఊర్లో అనిరి. సచ్చేదాక మా నాయన అదే చెప్తా వచ్చినాడు. మేం నమ్మలేదు. నేను గూడ నమ్మలేదమ్మా."

తడి చీర చేతిలోనే ఉంది.

"నాయన చెప్పింది నిజమేనా?"

"నిజమే" అన్నాను. "ఆ కాగితం అబద్ధం. మీ నాన్నగారిని డాక్టరు చూడనే లేదు. ఆయన్ని పట్టుకోకముందే సంతకం చేయించి పెట్టాను. చేయించింది నేనే."

తిడతాడనుకున్నాను. తిట్టించుకోవడానికే నిలబడ్డాను.

"ఒక్క నిమిషం ఉండమ్మా" అన్నాడు. ఏదో కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరినో లేపి కూర్చోబెడుతున్నారు. "స్పీకర్లో పెట్టినా. మా యమ్మ వింటాంది, ఆమెకు కొంచెం చెవుడు. ఇంగొకసారి చెప్పండి, గట్టిగా."

పక్కింటివాళ్లు బయటికొచ్చి చూసేంత గట్టిగా చెప్పాను.